మన గుట్టలో రాయి పేరు ఫెల్డ్‌స్పార్: ఆ పేరు తెలియకపోతే నష్టం మనకే

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఆదివాసీ యువతీ యువకుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం. అక్కడక్కడా సరిచేసి, దాదాపు మాట్లాడింది మాట్లాడినట్టే పెడుతున్నాం.)



  

నేను మాట్లాడే అంశం పేరు విని ఇందాక ఒక తమ్ముడు అడిగినాడు. "ఏందన్నా, భూమి గురించి చెప్తావనుకుంటే రాయి గురించి చెప్తా అంటావే?" అని. మంచి ప్రశ్నే. మన మూడు ప్రాంతాల్లో భూమి పోతా ఉందంటే ఎక్కువ చోట్ల పోయేది రాయి కోసమే. ఎవరైనా కొత్త మనిషి గుట్ట దగ్గరికి వచ్చి నాలుగు ముక్కలు పగలగొట్టి సంచిలో వేసుకుని పోయినాడంటే, ఆయనకు ఆ రాయి పేరు తెలుసు, ధర తెలుసు, చట్టంలో అది ఎక్కడుందో తెలుసు. ఆ గుట్ట కింద మూడు తరాలుగా ఉంటున్న మనకు పేరు కూడా తెలియదు. ఈ తేడా పోవాలనే ఈ రోజు రాయి గురించి చెప్తా ఉండాను.

ముందు రాయి సంగతి

మదనపల్లె దగ్గర హార్స్లీ కొండ అందరూ చూసుంటారు. దొర పేరు రాకముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఆ కొండైనా, పుంగనూరు చుట్టుపక్కల గుండ్లైనా, కుప్పం వైపు క్వారీల్లో కోసే దిమ్మెలైనా ఎక్కువ భాగం గ్రానైట్, దాని చుట్టాలైన రాళ్ళే. ఈ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు, మనిషి మాట సరే సరి.

ఒక గ్రానైట్ ముక్క పగలగొట్టి ఎండలో పెట్టి చూడండి. మూడు రకాలు కనిపిస్తాయి. గాజుపెంకులాగా బూడిదరంగులో మెరిసేది ఒకటి. అది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. నల్లగా, పొరలు పొరలుగా గోటితో లేచేది ఇంకోటి. అది అభ్రకం, మనోళ్ళు కాకిబంగారం అంటారు. ఈ రెండూ పోగా మిగిలింది, తెల్లగానో గులాబీ రంగులోనో మొద్దుగా ఉండేది ఫెల్డ్‌స్పార్. గ్రానైట్‌లో సగానికి పైగా ఇదే. ఆ మాటకొస్తే భూమి పైపొర మొత్తంలో కూడా సగానికి పైగా ఇదే. పలుగురాయికి పేరుంది, అభ్రకానికి పేరుంది. అన్నిటికంటే ఎక్కువగా ఉన్న దీనికి మాత్రం మా ఊళ్ళో నేను ఎప్పుడూ ఒక పేరు వినలేదు. "తెల్లరాయి" అనేసి ఊరుకుంటారు. పలుగురాయిని కూడా తెల్లరాయే అంటారు.

రెండింటికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. పలుగురాయి పగిలితే గాజు పగిలినట్టు వంకరగా, నునుపుగా పగులుతుంది. ఫెల్డ్‌స్పార్ పగిలితే చదునైన ముఖాలు వస్తాయి. రెండు ముఖాలు ఇంచుమించు మూలమట్టం పెట్టినట్టు కలుస్తాయి. ఎండలో అటూ ఇటూ తిప్పితే ఆ ముఖం ఒక్కసారిగా తళుక్కుమంటుంది. ఇంకో పరీక్ష. పలుగురాయితో గట్టిగా గీస్తే ఫెల్డ్‌స్పార్ మీద గీత పడుతుంది. ఫెల్డ్‌స్పార్‌తో గీస్తే పలుగురాయి మీద పడదు.

ఇందులో ముఖ్యంగా రెండు కుటుంబాలు. పొటాషియం ఉండేది ఒకటి, సోడియం, కాల్షియం ఉండేది ఇంకోటి. రెండింటిలోనూ అల్యూమినియం, సిలికా, ఆక్సిజన్ ఉంటాయి. గులాబీ గ్రానైట్‌కు ఆ రంగు పొటాషియం ఫెల్డ్‌స్పార్ వల్ల వస్తుంది. వ్యాపారంలో బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది నిజానికి గ్రానైట్ కాదు, డోలరైట్. పాత రాయి చీలికల్లోకి కింద నుంచి వేడి రాయి ఎగదన్ని, గోడ కట్టినట్టు గట్టిపడింది. మన చేలల్లో, గుట్టల్లో నల్లరాళ్ళు వరసగా గీత గీసినట్టు కిలోమీటర్ల పొడవునా పోతుంటాయి చూడండి, అవే. ఆ నల్లరాయిలో కూడా పెద్ద భాగం సోడియం, కాల్షియం ఉండే ఫెల్డ్‌స్పారే.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, చట్టం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లబడితే గింజలు పెద్దవవుతాయి. అన్నీ గట్టిపడగా చివరన మిగిలిన నీళ్ళలాంటి రసం చీలికల్లో చేరి గట్టిపడితే దాన్ని పెగ్మటైట్ అంటారు. అందులో ఫెల్డ్‌స్పార్ గింజలు చెయ్యంత, ఒక్కోసారి మనిషంత పెద్దగా ఉంటాయి. వేరే రాళ్ళలో ఇమడని అరుదైన లోహాలు కూడా కొన్నిసార్లు అక్కడే చేరతాయి. పాత నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులన్నీ ఈ పెగ్మటైట్లే. మన యానాదులు ఎక్కువగా ఉండే నేల అది.

ఈ రాయి మన జీవితంలో ఎక్కడుంది

ఎక్కడ లేదని అడగాలి. వాన నీళ్ళు లక్షల ఏళ్ళు పడీ పడీ ఫెల్డ్‌స్పార్‌ను కరిగిస్తే మిగిలేది బంకమన్ను. పలమనేరు బొమ్మలకు, కుండలకు వాడే మట్టి లాంటిది రాయిగా ఉన్నప్పుడు ఇదే. చెనిక్కాయ, రాగి, టమాటా పండే మన ఎర్రనేలకు పొటాష్ ఎక్కువగా ఇచ్చేది ఈ రాయే, అభ్రకమే. మన బావుల్లో నీళ్ళుండేది కూడా ఇలా మెత్తబడిన రాతిపొరలోనే. గట్టి గ్రానైట్ నీళ్ళు పట్టుకోదు. పైన మెత్తబడిన పొర, కింద బండలో చీలికలు, ఈ రెండే మన నీళ్ళ తొట్లు. అందుకే గుట్టను పైనుంచి కింద దాకా కోసి నూరడుగుల గుంత పెట్టినప్పుడు పోయేది రాయి ఒక్కటే అనుకోవద్దు. పక్కన చెరువుకు వచ్చే వంక తెగిందా, బావి అడుగంటిందా అని కూడా చూడాలి.

ఇక ఫ్యాక్టరీల్లో. ఫెల్డ్‌స్పార్‌ను పిండి చేసి టైల్స్‌లో, పింగాణీ కప్పుల్లో, సింకుల్లో, గాజులో కలుపుతారు. కొలిమిలో తక్కువ వేడికే కరిగి మిగతా పొడినంతా పట్టి ఉంచడం దాని పని. గాజుకు గట్టిదనం కూడా ఇస్తుంది. మన పిల్లోడు బడిలో నడిచే టైల్స్ నేల, కొత్త అపార్ట్‌మెంట్లో మనం కూలికి పోయి అతికించే బాత్రూం గోడ, అన్నిట్లో ఉంది. ఆంధ్ర, తెలంగాణ, రాజస్థాన్ ఈ రాయి ఎక్కువగా తీసే రాష్ట్రాలు.

ఆకాశంలో కూడా ఉంది. చంద్రుడి మీద తెల్లగా కనిపించే ఎత్తు ప్రాంతాలు ఎక్కువగా ఫెల్డ్‌స్పారే. చంద్రయాన్ ప్రయోగాలకు చంద్రుడి మట్టి లాంటిది తయారు చెయ్యడానికి ఇస్రో వాళ్ళు రాయి తెచ్చుకుంది ఎక్కడి నుంచో కాదు, కుప్పం దాటితే వచ్చే తమిళనాడులోని సిత్తంపూండి నుంచి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు మనం కూడా చప్పట్లు కొట్టినాం. రాయి విలువ అంతరిక్షం దాకా పోయింది. రాయి కొట్టే చేతి విలువ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

దుమ్ము సంగతి

రాయి కొట్టే పని మన ప్రాంతంలో ప్రధానంగా వడ్డెర అన్నలది. వాళ్ళతో పాటు మన యానాదులు, ఎరుకలు, సుగాలీలు కూడా క్వారీల్లో, కంకర మిషన్లలో, పాలిషింగ్ షెడ్లలో పని చేస్తారు. అడ్వాన్సు తీసుకుని పోయి, ఆ బాకీ తీరక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఉండాయి. అట్లా కట్టేసి పని చేయించుకోవడం 1976 చట్టం ప్రకారం నేరం. ఆ బాకీ చెల్లదు. ఈ మాట ప్రతి కాలనీలో చెప్పాలి.

ఫెల్డ్‌స్పార్ దుమ్ము మంచిది కాదు గానీ, అంతకంటే ప్రమాదం దాని పక్కనే ఉండే పలుగురాయి దుమ్ము. గ్రానైట్‌లో రెండూ కలిసే ఉంటాయి. పెగ్మటైట్‌లో కూడా అంతే. కాబట్టి "ఇది ఫెల్డ్‌స్పార్ మిల్లు, ఇక్కడ సిలికా లేదు" అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది. కంటికి కనిపించనంత సన్నటి పొడి ఊపిరితిత్తుల అడుగుకు పోయి, అక్కడ పుండై, మచ్చ కట్టి, ఊపిరితిత్తిని గట్టిపరుస్తుంది. దాని పేరు సిలికోసిస్. మందు లేదు. పని మానేసినా కొన్నిసార్లు ముదురుతూనే ఉంటుంది.

కుప్పం పక్కనే కోలార్ బంగారు గనులు. ఆ బంగారపు పట్టీ గుడుపల్లె మండలం చిగురుగుంట దాకా మన వైపుకు కూడా వస్తుంది. 1940లలో కోలార్ గనుల్లో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే 43.7 శాతం మందికి సిలికోసిస్ కనబడింది. ఎనభై ఏళ్ళ కిందటే తెలిసిన జబ్బు ఇది. మన దగ్గర ఎవరూ చెప్పలేదంతే.

ఇంకో తిప్పలు ఏమంటే, సిలికా దుమ్ము పీల్చినోళ్ళకు టీబీ తొందరగా అంటుకుంటుంది. రెండు జబ్బుల లక్షణాలూ ఒకటే మాదిరి. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం. మా చిన్నాయన ఒక కంకర మిషన్లో పదకొండేళ్ళు పని చేసినాడు. రెండుసార్లు టీబీ మందుల కోర్సు వాడినాడు. ఒక్కసారి కూడా ఒక్క డాక్టరు కూడా "నువ్వు ఏం పని చేస్తావప్పా?" అని అడగలేదు. అడిగుంటే ఆ కాగితం మీద ఇంకో పేరు ఉండేది. పరిహారం అడిగే దారి ఉండేది.

ఇది చెప్పేది మదనపల్లెలో నిలబడి. టీబీ మీద పోరాటంలో ఈ ఊరికి దేశంలో పేరుంది. 1915లో ఇక్కడ ఆరోగ్యవరం శానిటోరియం మొదలైంది. దేశంలో బీసీజీ టీకా మొదట వేయడం మొదలుపెట్టిన చోటు కూడా మదనపల్లే, 1948లో. అంత చరిత్ర ఉన్న చోట రాతి కూలీ దగ్గును "టీబీ" అని రాసి చేతులు దులుపుకోవడం ఆగాలి. రాజస్థాన్‌లో కార్మికులు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2019లో ఆ ప్రభుత్వం సిలికోసిస్ విధానం తెచ్చింది. జబ్బు ఉందని ధ్రువీకరిస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు. ఇక్కడ కూడా అలాంటిది కావాలని అడగడం మన పని. అడగాలంటే మొదట మన దగ్గర లెక్క ఉండాలి. కాలనీలో ఎవరెవరు, ఎన్నేళ్ళు, ఏ రకం పని చేసినారో రాసి పెట్టుకోండి.

షెడ్యూల్డ్ తెగ వేరు, షెడ్యూల్డ్ ఏరియా వేరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఇది సరిగ్గా వినండి.

మన మీటింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో "సమత తీర్పు ఉంది, 1/70 చట్టం ఉంది, మన భూమిలో గిరిజనేతరులకు మైనింగ్ లీజు ఇవ్వకూడదు" అని ధైర్యంగా చెప్తా ఉంటారు. సమత తీర్పు చాలా గొప్ప తీర్పు. విశాఖ జిల్లా బొర్రా ప్రాంతంలో కాల్సైట్ తవ్వకాల మీద నడిచిన ఆ కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడానికి లేదని. ప్రభుత్వం కూడా ఆ నిషేధం కిందికే వస్తుందని. ఆ తీర్పు వెనక మన్యం అన్నల, అక్కల పోరాటం ఉంది. వాళ్ళకు జోహార్.

కానీ తమ్ముళ్ళూ, ఆ తీర్పులో ఒక మాట ఉంది: షెడ్యూల్డ్ ప్రాంతం. అది భూమికి సంబంధించిన మాట, మనిషికి సంబంధించింది కాదు. మన ఆంధ్రలో షెడ్యూల్డ్ ప్రాంతాలు పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల్లోనే ఉండాయి. పాత చిత్తూరు జిల్లాలో ఒక్క ఊరు కూడా లేదు. యానాది ఎస్టీనే, ఎరుకల ఎస్టీనే, సుగాలీ ఎస్టీనే. కానీ మనం నిలబడిన నేల షెడ్యూల్డ్ ఏరియా కాదు. కాబట్టి సమత, 1/70, పెసా, ఈ మూడూ ఇక్కడ మనల్ని కాపాడవు.

ఇది చెప్తే కొందరికి నిరాశ కలుగుతుంది. కలగనీండి. తహసీల్దార్ ఆఫీసులో పోయి లేని చట్టం చూపించి, వాళ్ళు నవ్వితే తల దించుకుని రావడం కంటే, ఉన్న చట్టం చూపించి వాళ్ళ నవ్వు ఆపడం మేలు. మైదానాల ఆదివాసీలను కూడా కాపాడే ఏర్పాటు కావాలని అడగడం మన రాజకీయ డిమాండ్. అది గెలిచేదాకా చేతిలో ఉన్నవి వాడుకోవాలి.

చేతిలో ఏముండాయి?

ఒకటి, డీకేటీ పట్టా. మన కుటుంబాల్లో భూమి ఉన్నోళ్ళలో ఎక్కువ మందిది ఇదే. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ భూమిని మన దగ్గర నుంచి ఇంకొకరు కొనడం చెల్లదు. 2023లో దానికి సవరణ వచ్చింది, 20 ఏళ్ళు దాటిన వాటికి పూర్తి హక్కులు అన్నారు. అది మంచిదని కొందరు, ప్రమాదమని కొందరు. నేను చెప్పేది ఒకటే. పట్టా గుట్ట పక్కన ఉందంటే, హక్కు వచ్చిన మర్నాడే కొనేవాడు వస్తాడు. ఊళ్ళో నలుగురితో మాట్లాడకుండా వేలిముద్ర వెయ్యొద్దు.

రెండు, అటవీ హక్కుల చట్టం, 2006. ఇది షెడ్యూల్డ్ ఏరియాకు మాత్రమే కాదు, దేశంలో ఏ అడవికైనా వర్తిస్తుంది. కుప్పం, పలమనేరు వైపు అడవి అంచున ఉన్న మనోళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి అటవీ భూమి సాగులో ఉంటే హక్కు అడగొచ్చు. ఆ క్లెయిము విచారణ పూర్తయ్యేదాకా మనల్ని ఖాళీ చేయించకూడదు. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు గని వద్దని తేల్చి చెప్పినాయి కదా, సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని గ్రామసభల చేతికి ఇవ్వడానికి ఆధారమైంది ముఖ్యంగా ఈ చట్టమే.

మూడు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989. కొట్టినా తిట్టినా మాత్రమే ఈ కేసు అనుకుంటారు. ఎస్టీకి ఇచ్చిన భూమిని ఆక్రమించుకోవడం, ఆ భూమి నుంచి, అటవీ హక్కుల నుంచి, నీళ్ళ నుంచి తప్పించడం కూడా ఈ చట్టం కింద నేరమే.

నాలుగు, పర్యావరణ అనుమతి. చిన్న క్వారీ, 5 హెక్టార్ల లోపే, అనుమతి అక్కర్లేదు అని చెప్పే కాలం పోయింది. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందే అని చెప్పింది.

కాగితం మీద రాయి పేరు

ఇప్పుడు ఫెల్డ్‌స్పార్ దగ్గరికి మళ్ళీ వద్దాం. చట్టంలో ఖనిజాలు రెండు రకాలు. మేజర్, మైనర్. పెద్దది, చిన్నది అని కాదు దాని అర్థం. మైనర్ ఖనిజానికి రూల్స్ రాష్ట్రం పెట్టుకుంటుంది. మేజర్ ఖనిజం కేంద్రం రూల్స్ కిందికి పోతుంది.

2015 ఫిబ్రవరి 10న కేంద్రం 31 ఖనిజాలను మైనర్ జాబితాలో చేర్చింది. అందులో ఫెల్డ్‌స్పార్ ఒకటి. పదేళ్ళు తిరిగేసరికి, 2025 ఫిబ్రవరి 20న ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, అభ్రకం, బెరైటీస్ ఈ నాలుగింటినీ తిరిగి మేజర్‌లోకి మార్చింది. ఎందుకు? అంతకు నెల ముందు, జనవరి 29న, కీలక ఖనిజాల మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఇందాక పెగ్మటైట్ గురించి గుర్తుపెట్టుకోమన్నాను కదా, అదే ఇక్కడ సంగతి. లిథియం, బెరిల్, టాంటలం, నియోబియం లాంటివి ఆ రాయిలోనే ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, అభ్రకంతో కలిసి ఉండొచ్చు. మైనర్ లీజు మీద తవ్వేవాళ్ళు వాటి సంగతి బయటికి చెప్పడం లేదు, లెక్కలోకి రావడం లేదు అని ప్రభుత్వం వాదన.

మన గుట్టల్లో లిథియం ఉందని నేను చెప్పడం లేదు. రేపు అలా పోస్టులు పెట్టొద్దు. నేను చెప్పేది, నిన్నటిదాకా చిల్లర రాయి అనుకున్నదాని మీద ఢిల్లీ చూపు పడింది అని. గ్రానైట్ మాత్రం ఇంకా మైనర్ ఖనిజమే. ఒకే గుట్టలో, పక్కపక్కన, గ్రానైట్ దిమ్మెకు ఒక చట్టం, దాని మధ్యలో తెల్లటి పెగ్మటైట్ పట్టీకి ఇంకో చట్టం. అందుకే లీజు కాగితంలో ఏ ఖనిజం పేరు రాసుంది, లారీలో పోతున్నది ఏ ఖనిజం అన్నది మనం చూడగలగాలి. తేడా ఉంటే అది అక్రమం. ఆ తేడా పట్టుకోవాలంటే పలుగురాయి ఏది, ఫెల్డ్‌స్పార్ ఏది తెలియాలి. మొదట ఆ రాయి పరీక్షలు చెప్పింది ఇందుకే.

ఇంకో లాభం కూడా ఉంది. గనులున్న ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉండాలి, డీఎంఎఫ్ అంటారు. మేజర్ ఖనిజాల లీజుదారులు రాయల్టీతో పాటు దానికి కూడా కట్టాలి. 2015 జనవరి 12 తర్వాత ఇచ్చిన లీజైతే రాయల్టీలో 10 శాతం, అంతకు ముందుదైతే 30 శాతం. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన మనుషుల కోసం, ఊళ్ళ కోసం. మంచినీళ్ళు, వైద్యం, చదువు లాంటి వాటికే ఎక్కువ భాగం ఖర్చు పెట్టాలని నిబంధన. దుమ్ము తిన్న కాలనీకి ఎక్స్‌రే వ్యాను రావాలంటే ఈ డబ్బుతో రావచ్చు. బోరు ఎండిన తండాకు పైపులైను రావచ్చు. కలెక్టరేట్‌లో పోయి మా మండలానికి ఎంత వచ్చింది, ఎక్కడ పెట్టినారు అని అడిగినోళ్ళు మనలో ఎంతమంది?

"మరి పని వద్దా?"

ఈ ప్రశ్న ప్రతి మీటింగులో వస్తుంది. "క్వారీ మూస్తే మేం ఏం తినాలన్నా?" అని. అడిగే హక్కు ఉంది. బెంగళూరుకు పోయి కట్టడాల్లో పడుకునే దానికంటే ఊళ్ళో రాయి పనే మేలు అనుకునేవాళ్ళు ఉండారు.

నేను ప్రతి క్వారీ మూయాలని అనడం లేదు. రాయి తియ్యకుండా లోకం నడవదు, మన బడికి కూడా టైల్స్ కావాలి. నేను అడిగేది ఏమంటే, డ్రిల్లింగ్ నీళ్ళు పోస్తూ చెయ్యాలి. కంకర మిషన్‌కు మూత ఉండాలి, నీళ్ళ చిమ్మన ఉండాలి. ఏడాదికొకసారి ఛాతీ పరీక్ష చేయించాలి. తూట పేల్చే టైము ఊరికి ముందే చెప్పాలి. హాజరు పుస్తకంలో మన పేరు ఉండాలి, ఎందుకంటే పేరు లేకపోతే రేపు జబ్బొస్తే నువ్వు ఎప్పుడూ అక్కడ పని చెయ్యలేదంటారు. గుంత తవ్వినవాడే కంచె వెయ్యాలి. ఇవి కట్టుకోలేని క్వారీ మన ఊపిరి మీద లాభం తీస్తా ఉందని అర్థం. అలాంటిది మూతపడితే నాకు బాధ లేదు.

ఇంటికి పోయి చెయ్యాల్సినవి

ఎక్కువ చెప్పను. నాలుగు పనులు.

మీ ఊరి చుట్టూ ఎన్ని క్వారీలు, ఎన్ని మిల్లులు ఉండాయో ఒక కాగితం మీద పటం గియ్యండి. గుట్ట, వంక, చెరువు, కాలనీ, శ్మశానం అన్నీ పెట్టండి. గూగుల్ మ్యాప్ చూసి కాదు, నడిచి గియ్యండి. అవ్వల్ని, తాతల్ని వెంటబెట్టుకుని పోండి, వంక పేర్లు వాళ్ళకే తెలుసు.

ఆర్టీఐ కింద ఒక దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు, లీజు ఎవరి పేర, ఏ ఖనిజానికి, ఎన్ని హెక్టార్లు, ఎప్పటిదాకా, పర్యావరణ అనుమతి కాపీ. అంతే అడగండి, ఎక్కువ అడిగితే తిప్పి పంపుతారు.

మీ పట్టాలు, పాస్ పుస్తకాలు, కుల ధ్రువీకరణ పత్రాలు ఫోటో తీసి ముగ్గురి ఫోన్లలో పెట్టండి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోవడం మీ అందరికీ తెలుసు. అది ఎట్లా జరిగిందనేది దర్యాప్తు చేసేవాళ్ళ పని. మన పని, ఆఫీసులో కాగితం పోయినా ఇంట్లో కాగితం ఉండేటట్టు చూసుకోవడం.

నాలుగోది, దగ్గుతో ఆసుపత్రికి పోయే ప్రతి మనిషి వెంట ఒక యువకుడో యువతో పోండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: "సార్, ఈయన రాతి పని చేసినాడు, ఇన్నేళ్ళు. చీటీలో రాయండి" అని. రాసేదాకా కదలొద్దు. మర్యాదగానే, కానీ కదలొద్దు.

మన తాతలకు అడవిలో ప్రతి ఆకు పేరు తెలుసు. ఏ గడ్డ తినొచ్చు, ఏది పాముకాటుకు పని చేస్తుంది, ఏ చెట్టు ఏ నెలలో పూస్తుంది, అన్నీ చెప్పేవాళ్ళు. ఎలుక బొక్క చూసి లోపల ఎన్ని గింజలుంటాయో చెప్పిన యానాదుల మనవలం మనం. ఆ చూపు పోలేదు. దాన్ని ఇప్పుడు రాయి మీదకు, లీజు కాగితం మీదకు తిప్పాలి అంతే. డిగ్రీలు చదివినోళ్ళం మనం చదివి చెప్పాలి, చదవనోళ్ళు చూసి చెప్పాలి. ఇద్దరూ కలిస్తే ఏ గుట్టా మనకు తెలియకుండా కదలదు.

పుంగనూరు వాళ్ళు వచ్చే నెల మొదటి ఆదివారం పటం తీసుకుని వస్తామన్నారు. కుప్పం వాళ్ళు రెండో ఆదివారం. మదనపల్లె వాళ్ళు ఇంకా చెప్పలేదు. భోజనాల టైములో నా దగ్గరికి రండి, తేదీ పెట్టుకుందాం.

నీళ్ళు మావి, అడవి మాది, నేల మాది!
నేల కింద రాయి లెక్క కూడా మాకు చెప్పాల్సిందే!

జై జోహార్. జై ఆదివాసీ.